వెనుకగదిలో ఆకుపచ్చ అంచు

1993 ఆగస్టు 19, గురువారం. పొద్దున్నుంచి ఆకు కదల్లేదు. మధ్యాహ్నం దాటాక యాద్గిర్ దిక్కున మబ్బు కమ్మింది. దీపాలు పెట్టే వేళకు సన్నజల్లు మొదలై, పడుతూ ఆగుతూ రాత్రంతా సతాయించింది. అమావాస్య పోయి రెండు రోజులే అయింది కనుక, మబ్బు లేకపోయినా ఆ రాత్రి చీకటే.

తేదీ నాకు ఇంతగా గుర్తుండటానికి కారణం వేరే ఉంది. ఆ రాత్రే మా పాత ప్రహరీ గోడ నాని కూలింది. కూలి, పక్కింటివాళ్ళ కోళ్ళగూటి మీద పడింది. ఆ కోళ్ళ పంచాయితీ దీపావళి దాకా నడిచింది. సరే, కోళ్ళ సంగతి ఇక్కడ అక్కర లేదు. చెప్పాల్సింది చీరల దుకాణం గులాం నబీ ఇంటి వెనుకగది గురించి.

నారాయణపేట పాత బజారు దాటి మా గల్లీలోకి తిరిగితే, సున్నం రాలిపోయిన పెద్ద ఇల్లు ఒకటి ఉండేది. ముందు హాలు, నడుమ వాకిలి, ఆ వెనుక ఒంటిగది. ఆ గదిలో నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంట ఉంది. మగ్గం మాత్రం లేదు. గులాం నబీ అక్క అమీరున్నీసా చనిపోయిన నెలకే దాన్ని విప్పి అమ్మేశారు.

మగ్గం లేని గదిలో మగ్గం చప్పుడు వినిపిస్తుందని ఊళ్ళో పేరు పడింది.

పొద్దుగూకితే ఆ కిటికీ కింద నుంచి ఎవరూ పోయేవారు కాదు. పాలవాడు చుట్టు తిరిగి వచ్చేవాడు. మూల మీద మిరపకాయ బజ్జీలు వేసే బాలనర్సమ్మయితే, కిటికీ చువ్వల్లోంచి ఒక చెయ్యి నూలు సర్దుతూ కనబడిందని, ఒక వాయి బజ్జీలు తీసే లోపల పదిమందికి చెప్పేది. కిరాయికి వచ్చిన ఒక విత్తనాల వ్యాపారి అందులో బస్తాలు వేసి, పదిహేను రోజులకే తీసుకుపోయాడు. ఎలుకలట. నేను సహకార శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఎన్ని గోదాములు చూశానో! ఎలుకలకు జడిసి బస్తాలు మోసుకుపోయిన వ్యాపారిని మాత్రం చూడలేదు.

ఈ కథలో నేను కళ్ళారా చూసింది ఏమీ లేదు. సగం సాయిలు చెప్పాడు. అతను బజారుకు రాత్రి కావలివాడు. సగం రఘుపతి చెప్పాడు. తరువాత ఎప్పుడో నబీ తానే నా అరుగు మీద కూర్చుని కొంత చెప్పాడు. మూడూ కలిపి మీకు అందిస్తున్నాను.

రఘుపతి మా నేతకారుల రామచంద్రయ్య కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్లు నేర్చి వచ్చి, నబీ ముందు హాలు కిరాయికి తీసుకుని పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. అతని దగ్గర ఉన్న అసలు యంత్రం ఒక్కటే, ఇనుప పెట్టె లాంటిది. దానికి తీగలతో తగిలించిన తెరలు రెండు. నల్లటి తెర, దాని మీద పచ్చటి అక్షరాలు. బొమ్మలు రావు, రంగులు రావు, అక్షరాలే. వాటిని టెర్మినళ్ళు అంటారని నాకు అతనే చెప్పాడు. హాలులో పడమటి ఎండ మాడ్చేస్తోంది, రెండో తెర వెనుకగదిలో పెట్టుకుంటానని అతను అడిగినప్పుడు నబీ చాలాసేపు ఆలోచించాడట. చివరికి తాళంచెవి ఇచ్చాడు. పదిమంది పిల్లలు వచ్చిపోతుంటే ఆ గదికి పట్టిన పేరు పోతుందేమో అనుకున్నాడు.

తెర పెట్టిన రోజు సాయిలు వాకిట్లో నిలబడి నవ్వాడు.

"సారూ, ఆ గదిల ముందుగల ఉన్నది ఊకుంటదా? మీ డబ్బా, ఆమె కొట్లాడుకుంటయేమో సూడుండ్రి."

"ఆమెకు గూడ నేర్పిస్త తీయ్," అన్నాడు రఘుపతి. "ఫీజు లేదు."

"ఫీజు సంగతి గాదు. కరెంటు లేకుంటె మీ డబ్బా నడ్వది. ఆమెకు గా ఫికర్ లేదు."

అందరూ నవ్వారు. నబీ నవ్వలేదని సాయిలు గమనించాడు.

ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఆ ఇల్లు నబీ బాపు కట్టింది. ఆయనకు ఒక్క కొడుకు, ఒక్క కూతురు. వాళ్ళ షరియత్ ప్రకారం కొడుక్కు రెండు పాళ్ళయితే కూతురికి ఒక పాలు. కానీ మా దిక్కు ముసల్మానుల ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ఆడపిల్ల తన పాలు అడగదు. పెద్దల ముందు "మాఫ్ చేసిన" అని ఒక మాట అంటుంది. దానితో హక్కు వదిలినట్టు. వదిలితేనే పుట్టింటి గడప తనకు మిగులుతుందని భయం. మనలో మాత్రం ఆడపిల్లలు ఏం అడిగారు కనుక!

అమీరున్నీసా ఆ మాట అనలేదు. మొగుడు పోయి, కూతురు అజీజాను చంకనేసుకుని పుట్టింటికి వచ్చి, వెనుకగదిలో మగ్గం పెట్టింది. తమ్ముడు "ఆపా, మాఫ్ చెయ్" అన్నప్పుడల్లా "సూద్దాం తీయ్‌రా" అనేది. అట్లా అంటూ అంటూనే ముసలిదైంది. తరువాత పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట పోయింది. ఒక కన్ను మాత్రం రెప్ప వేస్తూ తీస్తూ ఉండేది.

ఆఖరి రోజున పెద్దలు వాకిట్లో కూర్చున్నారు. నబీ ఒక్కడే లోపలికి పోయాడు. కాసేపటికి బయటికి వచ్చి, "ఆపా రెప్ప వేసి ఒప్పుకున్నది, మాఫ్ చేసింది," అన్నాడు.

పోయే మనిషి మాట. ఎవరు కాదంటారు? అజీజా కూడా కాదనలేదు. రామచంద్రయ్య మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ, కిరాయి గదిలో బతికేది. ఎవరన్నా కదిలిస్తే ఒక్కటే మాట అనేది: "జాగా పోతె పోనీ. మా అమ్మ గామాట అన్నదా, లేదా? అదొక్కటి తెలిస్తె సాలు."

ఇప్పుడు ఆ గురువారానికి వస్తాను.

మర్నాడు జుమ్మా నమాజు కాగానే రాయచూరు నుంచి ఒక వ్యాపారి వచ్చి బయానా ఇచ్చిపోవాలి. మొత్తం ఇంటికి. ముందు హాలు, వాకిలి, వెనుకగది... అన్నింటికీ. కాగితాల మీద నబీ చెయ్యి పడితే, ఇక అజీజాకు అడగటానికి గోడ కూడా మిగలదు.

గురువారం రాత్రి పోయినవాళ్ళ రూహులు, అంటే ఆత్మలు, తమ ఇంటి గడప దాకా వస్తాయని, తమ పేరు మీద ఎవరన్నా ఫాతెహా ప్రార్థన చదివారా అని చూసి పోతాయని వాళ్ళ పాతవాళ్ళ నమ్మకం. అందుకని ప్రతి గురువారం నబీ భార్య గులాబ్‌బీ ఆ గది గడప మీద ఊదుబత్తి వెలిగించి, చక్కెర పెట్టేది. ఆ వారం ఆమె కల్వకుర్తిలో చెల్లెలి ఇంటికి పోయింది. పోతూ పోతూ "మర్సిపోకుండ్రి" అని చెప్పింది.

నబీ మరవలేదు. వాయిదా వేశాడు. పొద్దుగూకే మగ్రిబ్ నమాజు తరువాత అనుకున్నాడు... అన్నం తిన్నాక అనుకున్నాడు... పడుకున్నాడు... నిద్ర రాలేదు.

సాయంత్రం పోయిన కరెంటు అప్పటికి వచ్చింది. కానీ వాకిట్లో బల్బు మాడిపోయి ఉంది. పళ్ళెంలో చక్కెర పోసుకుని, ఊదుబత్తి అంటించుకుని, చూరు కింద గోడకు ఆనుకుంటూ నడిచాడు. చూరు నీళ్ళు మెడ మీద పడుతున్నాయి.

గది తలుపు కింద పచ్చటి వెలుతురు.

ఆగాడు.

"రఘూ... బేటా... లోపలున్నవా?"

పోదామనుకున్నాడు. పళ్ళెం అక్కడే పెట్టి వెనక్కి తిరిగితే సరిపోయేది. కానీ లోపల ఎవరో ఉన్నారని తెలిసి వెనక్కి తిరగడం ఎట్లా? తలుపు తోశాడు.

కుర్చీ ఖాళీ. గదిలో మనిషి లేడు.

తెర మీద కూడా ఏమీ లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. ఆ నలుపులో, అడుగున, ఎడమ మూల... ఒక చుక్క పడింది. పచ్చటిది.

తరువాత ఇంకొకటి. పక్కన కాదు... దూరంగా, కుడి కొసకు.

తరువాత నడుమ.

తెర మీద అక్షరాలు పడటం నబీ చాలాసార్లు చూశాడు. పిల్లలు మీట నొక్కితే అక్షరం పడుతుంది, దాని పక్కన ఇంకొకటి పడుతుంది, వరస నిండితే కింది వరస మొదలవుతుంది. ఇది అట్లా లేదు. ఇక్కడొకటి, అక్కడొకటి. కింద నుంచి పైకి. మీటల పలక మీద ఒక్క మీట కూడా కదలడం లేదు. ఎవరో తెర లోపలి వైపు కూర్చుని, ఒక్కొక్క పోగు ఎత్తి, పైకి నేసుకుంటూ వస్తున్నట్టు...

చుక్కలు దగ్గరయ్యాయి. త్రికోణాల్లాంటి మొనలు తేలాయి.

ఒక పెద్ద మొన. ఒక చిన్న మొన. తరువాత కొంచెం ఎడం, ఖాళీగా. మళ్ళీ పెద్ద మొన, చిన్న మొన, ఎడం.

నారాయణపేట చీరకు మొనల అంచు అందరూ నేస్తారు. చిన్న మొన పక్కన ఆ ఎడం విడిచే మనిషి మాత్రం ఊరు మొత్తానికి ఒక్కతే. "జర ఊపిరాడాలె గద అంచుకు" అనేది. చీరల దుకాణంలో పుట్టి పెరిగిన నబీకి ఆ అంచు ఎవరిదో ఒకరు చెప్పాలా?

చేతిలో పళ్ళెం ఒరిగి చక్కెర కింద రాలింది.

అంచు పూర్తయింది. తెర ఆగింది. చూరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు... కొసన ఉన్న ఎడంలో... ఒక చిన్న పచ్చటి గడి వెలిగింది.

ఆరింది.

వెలిగింది.

ఆరింది...

రెప్ప వేస్తూ తీస్తూ. తొందర లేదు. అడగడం లేదు, పొమ్మనడం లేదు. చూస్తోంది.

నబీ మగ్గం గుంట అంచున చతికిలబడ్డాడు.

"ఆపా..." అన్నాడు. మళ్ళీ అన్నాడు. "ఆపా, గట్ల సూడకు."

వెలిగింది. ఆరింది.

"నువ్వు అనలే. నేనే అన్న. నువ్వు మాఫ్ చేసినవని బయటికొచ్చి నేనే అన్న. నేను అడిగితె... నువ్వు మొఖం గోడ దిక్కు తిప్పుకున్నవ్. అంత చాతగాని పానంతోని గూడ తిప్పుకున్నవ్. నేను సూసిన. సూసి, తలుపు తీసుకోని పోయి... పెద్దలందరి ముంగట..."

నుదురు నేలకు ఆనించి ఏడ్చాడు.

అప్పుడు కరెంటు పోయింది.

చీకట్లో, వెనుక నుంచి, ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు.

నబీ కెవ్వుమన్నాడు. వెనుక ఉన్నవాడూ కెవ్వుమన్నాడు. అతను సాయిలు. వానకు జడిసి ముందు హాలులో తలదాచుకుని, రఘుపతితో కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. వెనుక నుంచి మాటలు వినబడి, దొంగ అనుకుని కర్ర పట్టుకుని వచ్చాడు. అతని వెనుక రఘుపతి. ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నారు. తలుపు రెక్క అడ్డంగా ఉండటాన వాళ్ళకు తెర కనబడలేదు. మాటలు మాత్రం ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"నబీ సాబ్," అన్నాడు సాయిలు చివరికి, అగ్గిపుల్ల గీస్తూ. "లేవుండ్రి. గుంటల పడ్తరు."

నబీ అగ్గిపుల్ల వెలుతురులో ఇద్దరి మొహాలూ చూశాడు. "ఇన్నరా?" అని అడిగాడు.

పుల్ల కాలి సాయిలు వేళ్ళు చురుక్కుమన్నాయి.

"మంచిదే," అన్నాడు నబీ. "ఇనాల్సినోళ్ళు ఇంకొకరున్నరు."

తెల్లవారి రామచంద్రయ్య మగ్గాల కొట్టంలోకి నబీ పోయాడు. అజీజా రాట్నం ముందు కూర్చుని కండె చుడుతోంది. మేనమామ ఆ కొట్టం గడప తొక్కడం అదే మొదలు.

"సలామలేకుం మామూ. గిట్లొచ్చినవేంది? పానం మంచిగుందా?"

"బేటీ, ఒక మాట చెప్పాలె."

"ఇల్లు అమ్ముతున్నవట గద. ఇన్న. అమ్ముకో. నాకెందుకు చెప్పుడు?"

"మీ అమ్మ గామాట అనలే."

రాట్నం ఆగింది. తక్కిన మగ్గాలు కూడా ఒక్కొక్కటే ఆగాయని రామచంద్రయ్య నాతో అన్నాడు. నబీ అందరి ముందూ చెప్పాడు. గోడ దిక్కు తిరిగిన మొహం సంగతి కూడా చెప్పాడు. అజీజా కొంగు నోట్లో కుక్కుకుని విన్నది.

"గింత చిన్న మాట," అన్నది. "చెప్పనీకె గిన్నేండ్లు పట్టిందా మామూ? అమ్మ నన్ను కాదనుకున్నదేమో అని... దువా చేసినప్పుడల్లా..."

నబీ చేతులు జోడించాడు. "నువ్వన్న మాఫ్ చెయ్ బేటీ. ఆమె దిక్కు నుంచి."

"నాదేమన్న ఉంటె నేను చేస్త," అన్నది అజీజా. "ఆమెది నేనెట్ల చెయ్యాలె? నా చేతుల లేదు మామూ."

తెగిన పోగు వెతికి ముడివేసింది. రాట్నం మళ్ళీ తిరిగింది.

ఆ మధ్యాహ్నం రాయచూరు వ్యాపారి వచ్చి, చాయ్ తాగి, ఉత్తచేతులతో పోయాడు.

ఇక్కడితో ఆపితే ఇది దెయ్యం కథే. కానీ నేను తర్కశాస్త్రం చదివి డిగ్రీ తెచ్చుకున్నవాణ్ణి. ఆదివారం రఘుపతిని పిలిచి కూర్చోబెట్టి, "ఏం జరిగింది, ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను.

వాడు తల వంచుకుని కూర్చున్నాడు.

"పెద్దసారూ, అది నా ప్రోగ్రామే."

సంగతి ఇది. ఆ తెరకు అక్షరాలే కాదు, కనబడని ఆజ్ఞలు కూడా పంపవచ్చట. ఫలానా వరసకు పో, ఫలానా గడిలో నిలబడు, అక్కడ చుక్క పెట్టు, మొత్తం తుడిచెయ్యి, వెలిగి ఆరు... ఇట్లా. అక్షరాల ముందు ఎస్కేప్ అనే గుర్తు ఒకటి చేరిస్తే, తెర వాటిని అచ్చు వెయ్యదు, చెప్పినట్టు చేస్తుంది. ఆ ఆజ్ఞలన్నీ వరసగా రాసిపెట్టుకున్న దాన్ని స్క్రిప్ట్ అంటారు. అది నడిపితే చాలు, మీటలు ముట్టక్కర లేదు. అజీజా తన తల్లి నేసిన పాత చీర కొంగు తెచ్చి ఇచ్చి, "గీ అంచు మళ్ళ ఎవ్వరు నేస్తలేరు, మీ డబ్బాలనన్న దాసిపెట్టు," అన్నదట. అంచును గళ్ళుగా విడదీసి రఘుపతి ఆజ్ఞలు రాశాడు. మగ్గం మీద ఎట్లా పెరుగుతుందో అట్లాగే పెరగాలని అడుగు నుంచి మొదలుపెట్టాడు. పోగుల లెక్కన వేశాడు కనుక చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పడవు. నేతవాళ్ళకు నెమ్మదిగా చూపించాలని చుక్కకూ చుక్కకూ నడుమ కాస్త ఆగమన్నాడు.

"మరి ముందు హాలులో నీ తెర ఉండగా వెనుకగదిలో ఎందుకు?"

"నా తెర మీద గీస్తె నేను రాసుకునేదంత తుడుసుకుపోతది సారూ. అందుకని గీసేది ఆ తెరకు పంపిన. అది నిండినంక పోయి సూద్దామనుకున్న. గంతల సాయిలన్న ముచ్చట పెట్టిండు. నబీ చాచా లోపలున్నడని నాకు తెల్వది, అల్లా మీద ఒట్టు."

రామచంద్రయ్య కొడుకు అల్లా మీద ఒట్టేసుకోవడం చూసి నాకు నవ్వొచ్చింది. మా ఊరంతే.

"నబీకి చెప్పినవా?"

"నిన్ననే చెప్పిన. కాళ్ళు మొక్కి చెప్పిన. తిడ్తడనుకున్న. తిట్టలే."

"ఏమన్నడు?"

"'అంచు నీదే అంటున్నవ్, సరే. ఆఖరుకు కొసన వెల్గుకుంట ఆరుకుంట ఉన్నది గూడ నువ్వే పెట్టినవా బేటా?' అన్నడు."

"పెట్టే ఉంటవు గద. రాసేటప్పుడు తెర మీద ఒకటి కొట్టుకుంటనే ఉంటది, కర్సర్ అనో ఏదో."

"ఉంటది సారూ. అది కొట్టుకుంటుంటె బొమ్మ ఖరాబు కొడ్తదని, ముందుగల దాన్నే మాయం చేసిన. నా స్క్రిప్టుల మొదటి ఆజ్ఞ అదే. అది కనబడకూడదు."

"పాత తెర. ఆ ఆజ్ఞ దానికి అర్థం కాలేదేమో."

"నేను గూడ గట్లనే అనుకున్న. పొద్దుగాల మళ్ళ నడిపి సూసిన. అంచు మొత్తం వచ్చింది, చాచా చెప్పినట్టే. ఎడం ఎడంగనే ఉన్నది. అందుల ఏం లేదు. ఎన్నిసార్లు నడిపినా ఏం లేదు సారూ."

నా దగ్గర ఉన్న తర్కం అక్కడితో అయిపోయింది.

రఘుపతి ఆ తెరను మళ్ళీ ముందు హాలులోకి మార్చలేదు. సంవత్సరం తిరగకుండానే సెంటరు ఎత్తేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు.

గులాం నబీ 1997 ఎండాకాలంలో పోయాడు. ఆఖరి రోజుల్లో అజీజా వచ్చి పక్కన కూర్చునేది, చెమ్చాతో నీళ్ళు పోసేది. అతను పెదవులు కదిపి, మాఫ్ చెయ్ అని అదే మాట అడిగేవాడు. ఆమె నోరు తుడిచేది, విసనకర్రతో విసిరేది, బదులు చెప్పేది కాదు.

చీరల దుకాణం, ముందు హాలు కొడుకు అహ్మద్ అలీకి వచ్చాయి. భార్య గులాబ్‌బీకి ఎనిమిదో పాలు కింద వాకిలి పక్క రెండు గదులు వచ్చాయి. అమీరున్నీసా పాలులో సగమే కూతురిది, మిగతా సగం తమ్ముడికి తిరిగి వస్తుందని ఖాజీ సాబ్ చెప్పినా, నబీ బతికుండగానే అదీ విడిచి రాయించాడు కనుక, వెనుకగది మొత్తం మగ్గం గుంటతో సహా అజీజాదయింది. రఘుపతి వదిలేసి పోయిన తెర కూడా ఆమెకే మిగిలింది. దాని మీద గుడ్డ కప్పి, నూలు కండెలు పెట్టుకుంది. అడిగిన ఆ ఒక్క మాట మాత్రం నబీకి రాలేదు. ఉత్తచేతులతో పోయాడు.